ఫ్లోరింగ్ అయిపోయింది, అంచులే మిగిలాయి. ఇంటి నిండా మనుషులుండగా ఈ పని తెమిలేదెలా?

ప్రశ్న: సగంపని

నమస్కారమండీ అందరికీ.

హాలు, నడవా, రెండు పడగ్గదులు. అన్నింటిలోనూ 8 మి.మీ. లామినేట్ పరిచేశాం. పరిచేశాం అంటే నేను పరిచాను. మా ఆయన మంచాలూ బీరువాలూ జరిపారు, మామయ్యగారు కుర్చీలో కూర్చుని రసమట్టంలో బుడగ ఎటు పోతోందో చెప్పారు. ప్లాంకులు చక్కగా కూర్చున్నాయి. నడిస్తే చప్పుడు లేదు, ఎక్కడా ఊగడం లేదు. ఆ విషయంలో నాకే దిగులూ లేదు.

దిగులంతా అంచులతోనే. గోడల వెంబడి వదిలిన 10 మి.మీ. సందు ఇంకా అలాగే ఉంది. గుమ్మాల దగ్గర పట్టీల్లేవు. గోడ అడుగున బిగించే స్కర్టింగ్ చెక్కలు, ఎండీఎఫ్‌వి (చెక్కపొట్టుని అదిమి చేసే పలక), తెచ్చి హాల్లో ఓ మూల నిలబెట్టాం, అవి అక్కడే ఉన్నాయి, వాటి మీద తువ్వాళ్లు ఆరేసే దాకా వచ్చింది వ్యవహారం. మా మూడేళ్ల పిల్లకి ఆ సందు డిబ్బీ అయిపోయింది. జడపిన్నులు, పెన్సిల్ ముక్కలు, అన్నయ్య జామెట్రీ బాక్సులో సరుకు, ఏది దొరికితే అది అందులో పడేస్తుంది. సందు చెదరకుండా గోడ పక్కన పెట్టిన స్పేసర్లు కూడా ఒక్కోటీ ఊడబీకి బొమ్మల డబ్బాలో దాచుకుంది.

అసలు ఇబ్బంది టైము. మా ఆయనది నైట్ డ్యూటీ, పొద్దున పడుకుంటారు. మధ్యాహ్నం చిన్నదాని నిద్ర. సాయంత్రం పెద్దాడి చదువు. ఎనిమిదయ్యేసరికి మామయ్యగారు పడక వేసేస్తారు. ఇక రంపం చప్పుడు ఎప్పుడు చెయ్యను? నాకు ఖాళీ దొరికేది గంటా గంటన్నర, అదీ ఒకరోజు పొద్దున, ఒకరోజు రాత్రి. సామాన్లు బయటికి తీసి సర్దుకునేసరికే అందులో సగం పోతోంది.

కాబట్టి నా ప్రశ్నలివి. ఇల్లంతా ఒకేసారి కొలిచి, కోసి, బిగించుకుంటూ పోవాలా, లేక గది తర్వాత గదా? నడవాలో బయటికి పొడుచుకొచ్చిన గోడ మూల ఒకటుంది. రెండు తుక్కు ముక్కలు 45 డిగ్రీలకి కోసి పెట్టి చూస్తే ముందు వైపు నోరు తెరుచుకుంటోంది, దానికేం చెయ్యాలి? హాలు గోడ తిన్నగా లేదు, చెక్క ఆనిస్తే మధ్యలో వేలు దూరేంత ఖాళీ. అన్నిటికంటే ముఖ్యంగా, మామయ్యగారు వాకర్‌తో నడుస్తారు. ఆయన గదికీ బాత్రూమ్‌కీ మధ్య గుమ్మంలో ఏ పట్టీ వెయ్యాలి?

పనివాళ్లని పిలవమని చెప్పకండి. ఇంతవరకూ వచ్చాక ఇది నేనే పూర్తి చెయ్యాలి, పంతం.


జవాబు: పాత వడ్రంగి

అమ్మా, ముందు ఆ చెక్కల్ని పడుకోబెట్టండి. ఎండీఎఫ్‌ని గోడకి ఏటవాలుగా నిలబెడితే దాని బరువుకి అదే విల్లులా వంగుతుంది. వంగిన చెక్కని గోడకి అదమడం మీకు అదనపు పని. మంచం కింద నేల మీద సమంగా పరిచి పెట్టుకోండి, తువ్వాళ్ల బెడదా ఉండదు.

రెండోది, మీ పాప డిబ్బీ ఖాళీ చెయ్యండి. నవ్వులాటకి అనడం లేదు. లామినేట్ నేలకి అంటుకుని ఉండదు, తేలుతూ ఉంటుంది. గాలిలో తేమ పెరిగితే మొత్తం ఫ్లోరు ఉబ్బి గోడల వైపు జరుగుతుంది. ఆ సందులో గట్టి వస్తువు ఇరుక్కుని ఉంటే అక్కడ చీల కొట్టినట్టే. జరగడానికి చోటు లేక నడిమధ్యలో జాయింట్లు పైకి లేస్తాయి. వాక్యూమ్‌కి సన్నమూతి తగిలించి చుట్టూ లాగండి, రానివాటిని సన్న పట్టకారుతో తియ్యండి. స్కర్టింగ్ కొట్టే రోజే చెయ్యండి, ముందు రోజు చేస్తే మళ్లీ నిండుతుంది.

ఇక మీ నడవా మూల. గోడ మూలలు 90 డిగ్రీలు ఉంటాయని నమ్మడమే మానెయ్యండి. సిమెంటు పూత పూసేవాళ్లు మూలకి కాస్త ఎక్కువ పెడతారు, అందుకే 88 ఉండొచ్చు, 92 ఉండొచ్చు. డిగ్రీలు కొలిచే పరికరం లేకపోయినా పర్వాలేదు. మూల దగ్గర నేల మీద మాస్కింగ్ టేప్ అంటించండి, లామినేట్ మీద పెన్సిల్ పడకుండా. స్కర్టింగ్ ముక్కని మొదటి గోడకి ఆనించి, మూల దాటి కాస్త ముందుకి ఉండేలా పెట్టి, దాని ముందు అంచు వెంబడి టేప్ మీద గీత గియ్యండి. అదే ముక్కని రెండో గోడకి ఆనించి మళ్లీ గియ్యండి. రెండు గీతలూ ఒకచోట కోసుకుంటాయి. ఆ బిందువు మీ కోతకి బయటి కొన, గోడ మూల లోపలి కొన. ఇప్పుడు అసలు చెక్కని దాని చోట్లో పెట్టి, వెనక అంచు మీద గోడ మూల దగ్గర ఒక గుర్తు, ముందు అంచు మీద గీతలు కోసుకున్న దగ్గర ఒక గుర్తు పెట్టండి. రెండూ కలిపితే కోయాల్సిన వాలు అదే. గోడ ఎన్ని డిగ్రీలైనా రెండు చెక్కలూ సరిగ్గా సగం సగం పంచుకుంటాయి. కోసేముందు తుక్కు ముక్కల మీద ఓసారి చూసుకోండి. బిగించేటప్పుడు ఆ రెండు కోత ముఖాలకీ వుడ్ గ్లూ రాసి కలపండి. గోడ కాస్త అటూ ఇటూ అయినా మూల విడిపోదు.

లోపలి మూలలకి 45 వద్దు. మొదటి చెక్క నేరుగా మూలలోకి పోనివ్వండి. రెండోదాని కొసని మొదటిదాని ముఖం ఆకారంలో సన్నరంపంతో చెక్కి, దాని మీద కూర్చోబెట్టండి. పైన ఏ వంపూ లేని చదును చెక్క అయితే చెక్కడం కూడా అక్కర్లేదు, నిటారుగా కోసి ఆనిస్తే చాలు.

వంకర గోడకి రెండు మందులున్నాయి. ఖాళీ కొద్దిగా ఉంటే చెక్కని నొక్కి బిగించి, పైన మిగిలిన సన్నగీతని అక్రిలిక్ సీలెంట్‌తో నింపండి. మీరు వేలు దూరుతుందంటున్నారు కాబట్టి, చెక్క ఎక్కడ గోడకి తగిలి ఆగుతోందో ఆ ఉబ్బు చూడండి. స్కర్టింగ్ వెనక దాగే ఎత్తు వరకూ అక్కడ పూతని ఉలితో కాస్త గీకితే సగం ఖాళీ అక్కడే పోతుంది. సిలికాన్ మాత్రం గోడ పక్కన వాడొద్దు. దాని మీద రంగు నిలవదు.


జవాబు: మెట్లకింద గోల

నేను ఇద్దరు పిల్లలతో, ఇంట్లోంచే ఉద్యోగం చేసుకుంటూ ఈ పని పూర్తి చేశాను. టైము గురించి నా మాట వినండి.

మీరు పనిని గదుల లెక్కన చూస్తున్నారు. చప్పుడు లెక్కన చూడండి. కొలవడం, గుర్తు పెట్టడం, గరుకు కాగితంతో రుద్దడం, రంగు వెయ్యడం, జిగురుతో అంటించడం, లప్పం పెట్టడం, ఇవేవీ పసిపిల్లని కూడా లేపవు. చప్పుడు చేసేది కోతా, బరమా, సుత్తీ. అవి మొత్తం పనిలో చాలా తక్కువ. రాత్రిపూట టార్చి వేసుకుని ఒక గది కొలతలన్నీ రాసుకోండి. మీ ఆయనకి సెలవున్న రోజు సాయంత్రం అందరినీ బయటికి పంపి, ఆ గది చెక్కలన్నీ ఒకే దెబ్బకి కోసెయ్యండి. ఇంట్లో కొయ్యకండి. ఎండీఎఫ్ పొట్టు పిండిలా మెత్తగా ఉంటుంది, మర్నాటి వరకూ గాల్లో తేలుతుంది. బయటే కొయ్యండి, ఎన్95 మాస్కు తప్పనిసరి. మిగతా అంతా దొరికిన అరగంటల్లో అయిపోతుంది.

చెక్క వెనక పెన్సిల్‌తో గది పేరు, గోడ నంబరు, ఏ కొస ఎటో బాణం గుర్తూ రాయండి. ఇది చిన్న విషయంలా ఉంటుంది కానీ, మధ్యలో పని ఆగి వారం తర్వాత మళ్లీ మొదలుపెట్టినప్పుడు ఆ రాతే మీ బుర్ర.

రంగు ముందే వేసుకోండి. ప్రైమరు, ఒక కోటు, వీలైతే రెండు, చెక్కలు పడుకుని ఉండగానే. బిగించాక చివరి కోటు ఒకటి. బోర్లా పడుకుని నేల మీద చుక్క పడకుండా మొత్తం రంగు వెయ్యడం ఎంత నరకమో వేసినవాళ్లకే తెలుసు. కోసిన కొసలకి ప్రైమరు రెండుసార్లు పట్టించండి, అక్కడ ఎండీఎఫ్ స్పాంజిలా పీల్చేస్తుంది.

ఇల్లంతా ఒకేసారా అంటే, వద్దు. గది తర్వాత గదే. ఒక గదికి స్కర్టింగ్, గుమ్మం పట్టీ, లప్పం, రంగు అన్నీ అయ్యాకే తర్వాతి గదిలోకి వెళ్లండి. నాలుగు చోట్లా ముప్పాతిక పని అయిందంటే ఇంట్లోవాళ్ల కంటికి ఏమీ కానట్టే. ఒక్క గది తలుపు తీస్తే పూర్తయిపోయి కనపడిందనుకోండి, తర్వాతి గదికి మీ ఆయనే పిలవకుండా వస్తారు.


జవాబు: తొందరపడు

ఇంత రాద్ధాంతం ఎందుకండీ. సందు మీద క్వార్టర్ రౌండ్ బీడింగ్ (పావు గుండ్రం ఆకారంలో ఉండే సన్న పట్టీ) పెట్టి నేలలోకి మేకులు కొట్టెయ్యడమే. పైనా కిందా సిలికాన్ పూస్తే ఒక్కరోజులో అయిపోతుంది.


జవాబు: పాత వడ్రంగి

మేకు ప్లాంకులో దిగిందంటే తేలాల్సిన నేలని కట్టేసినట్టే. నాలుగు వైపులా అలా కట్టేస్తే తడి రోజుల్లో ఉబ్బుతుంది, పొడి రోజుల్లో జాయింట్లు విడిపోతాయి. బీడింగ్ పెట్టుకోవడం తప్పు కాదు. కానీ మేకైనా జిగురైనా స్కర్టింగ్ వైపే ఉండాలి, నేల వైపు ఉండకూడదు. స్కర్టింగూ అంతే. దాని కింద అంచు ఫ్లోరు మీద ఊరికే ఆని ఉండాలి, అదిమి పట్టకూడదు. బిగించేటప్పుడు కింద ఒక దళసరి కాగితం పెట్టి, అయ్యాక లాగేస్తే కాగితమంత ఖాళీ దానంతటదే వస్తుంది.

అమ్మా, మీ చెక్క మందం ఎంతో చెప్పలేదు. సందు 10 మి.మీ. అయితే చెక్క 12 ఉన్నా చాలీ చాలనట్టే. పొడి రోజుల్లో నేల కాస్త వెనక్కి పోతే సన్నగా సందు కనపడుతుంది. 15, 18 అయితే నిశ్చింత. 12 కొనేసి ఉంటే వాటిని పారెయ్యనక్కర్లేదు, దాని ముందు ఈయన చెప్పిన బీడింగ్ పెట్టండి, స్కర్టింగ్‌కి కొట్టండి.


జవాబు: సగంపని

15 అండీ, బతికిపోయాను. కాగితం చిట్కా నోట్ చేసుకున్నాను. డిబ్బీ తవ్వకాలు నిన్న రాత్రి ఒక గదిలో జరిగాయి. పెద్దాడు నెల కిందట పోయిందని ఏడ్చిన రబ్బరు దొరికింది.

మావి సిమెంటు గోడలు. ప్రతి రెండడుగులకీ బరమాతో బెజ్జం వేసి ప్లగ్గు, స్క్రూ పెట్టాలంటే నా టైములో కుదరదు. జిగురు ఒక్కటే సరిపోతుందా? మామయ్యగారి గుమ్మం సంగతి ఎవరూ చెప్పలేదు. కొలిచాను. గది ఫ్లోరు బాత్రూమ్ టైల్ కంటే 10 మి.మీ. ఎత్తు. ప్లాంకు 8, కింద ఫోమ్ 2.


జవాబు: మెట్లకింద గోల

జిగురే వాడాను నేను, గోడలకి వాడే కన్‌స్ట్రక్షన్ అడెసివ్. ఒక్క షరతు. పాత రంగు పెచ్చులూడుతుంటే గీకి, దుమ్ము తుడిచాకే అంటించాలి. లేకపోతే జిగురు రంగుని పట్టుకుంటుంది, రంగు గోడని వదిలేస్తుంది. పాముమెలికలా చెక్క వెనక పూసి, కింది అంచు నుంచి రెండు వేళ్ల మేర వదలండి, కారి ఫ్లోరుకి అంటకూడదు. నీళ్ల డబ్బాలు, పుస్తకాల కట్టలు ఆనించి రాత్రంతా వదిలెయ్యండి. గోడ వంకర ఉన్న చోట మాత్రం జిగురుని నమ్మకండి, అక్కడ రెండు స్క్రూలు పడాల్సిందే. బరమా పెట్టేముందు స్విచ్ బోర్డుకి సూటిగా పైనా కిందా, బాత్రూమ్ గోడకి ఇవతలి వైపూ వదిలెయ్యండి. వైర్లూ పైపులూ సాధారణంగా అక్కడే ఉంటాయి.


జవాబు: అమ్మకి తోడు

గుమ్మం గురించి నేను చెప్తాను. మా అమ్మ వాకర్‌తోనే నడుస్తుంది.

రెండు గదులూ ఒకే ఎత్తులో ఉన్న చోట టీ (T) ఆకారపు పట్టీ సరిపోతుంది. మీకు 10 మి.మీ. తేడా ఉంది కాబట్టి వాలు పట్టీ కావాలి. కొట్లో దొరికేవి చాలావరకు మూడు నాలుగు సెంటీమీటర్ల వెడల్పే. 10 మి.మీ. ఎత్తుకి అది బాగా నిటారు. మామూలు కాలికి తెలియదు కానీ, వాకర్ ముందు కాళ్లు బాత్రూమ్ వైపు నుంచి వచ్చేటప్పుడు దానికి తన్నుకుని ఆగుతాయి. మనిషి ముందుకి తూలేది సరిగ్గా అప్పుడే. చక్రాల కుర్చీలకి వేసే ర్యాంపుకి లెక్క ఒకటికి పన్నెండు. అంటే 10 మి.మీ. ఎత్తుకి 12 సెంటీమీటర్ల పొడవు వాలు. అదే లెక్క మీరూ పట్టుకోండి. తడి తగిలే చోటు కాబట్టి చెక్క వద్దు. రబ్బరు ర్యాంపు గానీ, గరుకు గీతలున్న అల్యూమినియం గానీ చూడండి. నున్నటి అల్యూమినియం తడి కాలికి జారుతుంది.

తలుపు ఎటు తెరుచుకుంటుందో ముందు చూడండి. బాత్రూమ్ లోపలికి తెరుచుకునేదైతే ఆ 12 సెంటీమీటర్ల వాలు తలుపు అడుక్కి తగులుతుంది. అడుగు కాస్త చిత్రిక పట్టాలి. గది వైపు తెరుచుకుంటే ఆ గొడవ లేదు.

పట్టీ బేసుని కింది నేలకే స్క్రూ చెయ్యండి, ప్లాంకుకి కాదు. ప్లాంకు కొసకీ పట్టీకీ మధ్య ఇక్కడ కూడా సందు వదలాలి. ఆ సందులో గుండ్రటి ఫోమ్ తాడు కూరి, దాని పైన సిలికాన్ పెట్టండి. ఇక్కడ సిలికానే సరైనది, రంగు అక్కర్లేదు కదా. బాత్రూమ్ నీళ్లు ప్లాంకు కొసలోకి దిగితే లోపల ఉండే హెచ్‌డీఎఫ్ (ఎండీఎఫ్ లాంటిదే, ఇంకా దట్టమైనది) ఉబ్బిపోతుంది, ఆ ఉబ్బు ఎండినా తగ్గదు.

ఇంకోటి, ఎవరూ చెప్పనిది. పట్టీ రంగు ఫ్లోరులో కలిసిపోయేది తీసుకోకండి. మనకి ముచ్చటగా ఉంటుంది గానీ, చూపు తగ్గినవాళ్లకి అంచు ఎక్కడుందో కనపడాలి. స్క్రూలు బిగించకముందే టేప్‌తో అంటించి, మీ మామయ్యగారిని వాకర్‌తో అటూ ఇటూ నడిపించండి, మీరు పక్కనే ఉండి. ఆయన కాలు ఎక్కడ తడబడుతుందో మన లెక్కలకి అందదు. బాత్రూమ్ గుమ్మం ముందు కాలిపట్టా ఉంటే అది తీసెయ్యండి. మా ఇంట్లో అమ్మని పడేసింది గుమ్మం కాదు, ఆ పట్టానే.


జవాబు: సగంపని

అందరికీ చాలా చాలా థాంక్సండీ. మామయ్యగారి గదితోనే మొదలుపెట్టాను. చప్పుడు లెక్క భలే పనిచేసింది. ఆ గదిలో కోత అంతా ఒక్క సాయంత్రంలో అయిపోయింది, పిల్లలిద్దరినీ తీసుకుని మా ఆయన పార్కుకి వెళ్లారు. మిగతాదంతా ముక్కలు ముక్కలుగా. చిన్నదానికి మాస్కింగ్ టేప్ చింపి ఇచ్చే ఉద్యోగం ఇచ్చాను. మామూలుగా ఎక్కడ టేప్ కనపడితే అక్కడ పీకేది, ఇప్పుడు తనే అంటిస్తోంది కాబట్టి ఎవర్నీ ముట్టుకోనివ్వడం లేదు.

వాలు పట్టీ విషయంలో "అమ్మకి తోడు" గారికి ప్రత్యేకంగా. రబ్బరు ర్యాంపు టేప్‌తో పెట్టి నడిపిస్తే మామయ్యగారు వెళ్లేటప్పుడు బాగానే వెళ్లారు. వచ్చేటప్పుడు వాకర్ ఎడమ కాలు ర్యాంపు పక్క నుంచి కిందకి దిగింది. గుమ్మం వెడల్పు మొత్తం లేదు ర్యాంపు, చట్రం పక్కన నాలుగు వేళ్లు ఖాళీ ఉంది. స్క్రూ బిగించాక తెలిసి ఉంటే? దాన్ని మార్చి చట్రం నుంచి చట్రం దాకా వచ్చేది తెచ్చాం. తలుపు గది వైపే తెరుచుకుంటుంది, చిత్రిక గొడవ తప్పింది. "ఇదేం గుమ్మం, తెలియనే తెలియడం లేదు" అన్నారు. ఆయన నోట మెచ్చుకోలు అంటే అంతకు మించి రాదు.

నడవా మూల ఈ ఆదివారం. టేప్ మీద గీతలు గీసి చూశాను, నిజంగానే మా గోడ 90 కాదు. చివరి ప్రశ్న వడ్రంగి గారికి. స్కర్టింగ్ పైన అక్రిలిక్ పెట్టాక రంగు ఎప్పుడు వెయ్యొచ్చు? రాత్రి పెట్టి, చిన్నది లేచేలోపు పొద్దున్నే కోటు వేసేద్దామని.


జవాబు: పాత వడ్రంగి

రాత్రంతా వదిలితే సన్నగీతకి సరిపోతుంది. మీ హాలు గోడ దగ్గర ఖాళీ ఎక్కువ కదా, అక్కడ ఒకేసారి నింపకండి. అక్రిలిక్ ఆరేకొద్దీ లోపలికి కుంగుతుంది. మొదటి రాత్రి సగం నింపి, రెండో రాత్రి పైన సన్నగా ఇంకోసారి లాగి, తడి వేలితో సాపు చెయ్యండి. రంగు ఆ తర్వాతి పొద్దున. ట్యూబు మీద ఎన్ని గంటలని రాసుంటే దాన్నే పట్టుకోండి, వానాకాలం అయితే ఇంకాస్త ఎక్కువే ఆగండి. మూల కోసేటప్పుడు చెక్కని కొలత కంటే ఒక మి.మీ. ఎక్కువ పొడవు ఉంచుకోండి, తర్వాత గరుకు కాగితంతో అరగదీసుకోవచ్చు.